మధ్యలో సూడాన్

మా ఇంట్లో బోరు మోటారు స్విచ్ మా వైపు గోడకు ఉంటుంది. మేడ మీద ట్యాంకు చిన్నమ్మ వాళ్ల వైపు ఉంటుంది. చంద్రగిరిలో నాయన, చిన్నాయన కలిసి ఇల్లు కట్టుకున్నప్పుడు కరెంటు పని చేసే ఆయన తనకు ఎక్కడ వీలైతే అక్కడ బిగించి పోయాడట. అప్పటికి అమ్మ, చిన్నమ్మ బాగానే మాట్లాడుకునేవాళ్లు కాబట్టి అదొక చిక్కుగా ఎవరికీ తోచలేదు. తర్వాత వాళ్లిద్దరికీ మాటలు ఆగిపోయాయి. మోటారు మాత్రం ఆగడానికి వీల్లేదు కదా.

దానికొక పద్ధతి ఏర్పడింది. పొద్దున అమ్మ మోటారు వేస్తుంది. ట్యాంకు నిండి, నీళ్లు చిన్నమ్మ పెరట్లోకి కారడం మొదలైతే చిన్నమ్మ నడవలోకి వస్తుంది. రెండు వంటిళ్లకూ మధ్య ఉండేది ఆ నడవే. దాని చివర, వీధి వైపు తిన్నె మీద మా అవ్వ కూర్చుని ఉంటుంది. చిన్నమ్మ అవ్వ వైపు తిరిగి, మా వంటింట్లోకి బాగా వినబడేట్టు, “అత్తా, ట్యాంకు నిండిపొయ్యింది” అంటుంది. అవ్వ “ఊఁ” అంటుంది. అమ్మ స్విచ్ ఆపుతుంది. అవ్వ లేచి ఆ మాటను మా అమ్మకు మోసుకురావాల్సిన పనిలేదు. ఆమె అక్కడుండి ఊఁ కొడితే చాలు, మాట చేరినట్టే లెక్క.

మాటలు ఎందుకు ఆగిపోయాయో నాకు రెండు రకాలుగా తెలుసు. చిన్నమ్మ కూతురికి పేరు పెట్టిన రోజు చిన్నమ్మ పుట్టింటివాళ్లను రెండో పంక్తిలో కూర్చోబెట్టారని చిన్నమ్మ చెప్పేది. వాళ్లు వచ్చిందే మొదటి పంక్తి లేచిన తర్వాత అని అమ్మ చెప్పేది. రెండూ అవ్వకే చెప్పేవాళ్లు. అన్నదమ్ములు మాత్రం ఏమీ ఎరగనట్టు ఒకే స్కూటరు మీద అంగడికి పోయేవాళ్లు. వాళ్లది షామియానాల వ్యాపారం. ఊళ్లో ఎవరి పెళ్లికైనా కుర్చీలు, వంటపాత్రలు, పందిళ్లు వీళ్లవే. ఊరందరినీ పక్కపక్కన కూర్చోబెట్టగలరు గానీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టలేకపోయారు.

ఆ పేరు పెట్టించుకున్న పిల్ల నాకంటే ఐదు నెలలు చిన్నది. వరసకు చెల్లెలు. ఆ మాటను మా ఇంట్లో ఎవరూ వాడింది లేదు. అమ్మ “ఆ పాప” అనేది. నేను “ఆమె” అనేదాన్ని. పెద్దవాళ్లు మాకేమీ చెప్పలేదు, వద్దనీ అనలేదు. ఒక ఇంట్లో చెప్పులు ఎక్కడ విప్పాలో పిల్లలకు ఎట్లా తెలుస్తుందో అట్లా మాకూ తెలిసిపోయింది. ఒకే బడికి పోయాం, ఒకే జూనియర్ కాలేజీకి పోయాం, తిరుపతిలో ఒకే డిగ్రీ కాలేజీలో ఒకే గ్రూపులో చేరాం. ఒకే బస్సులో ఆమె ముందు కిటికీ పక్కన కూర్చునేది, నేను రెండు వరసల వెనక. కిటికీ సీటు ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. నేను ఆమె జడను చూసుకుంటూ రోజూ తిరుపతికి పోయి, అదే జడను చూసుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

ఆ జడంటే నాకు కుళ్లు. దాచుకోవడమెందుకు. అవ్వ ఆదివారం ఆ జడకు నూనె పెట్టేటప్పుడు ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వేవాళ్లు. అవ్వ నా తలకూ నూనె పెట్టేది, నాతోనూ నవ్వేది. కానీ నా వంతులో ఏం మాట్లాడుకున్నామో నాకు తెలుసు కాబట్టి అందులో గొప్పేమీ కనబడేది కాదు. ఆమె వంతులో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అదే నన్ను తినేసేది. ఆమె చేతిరాత గుండ్రంగా ఉండేది. ఆమె పాఠం చదివితే లెక్చరర్లు పుస్తకం మీంచి తలెత్తేవాళ్లు. ఆమెకు జలుబు చేసినా గొంతు బాగుండేది. నాకు మార్కులు ఎక్కువ వచ్చిన రోజు కూడా క్లాసులో జనం ఆమె చుట్టూ ఉండేవాళ్లు. నేను నా ఎక్కువ మార్కులను ఒళ్లో పెట్టుకుని వాళ్లను చూసేదాన్ని.

డిగ్రీ రెండో ఏడాది మా రాజనీతిశాస్త్రం మేడమ్ కాలేజీలో నమూనా సభ పెట్టింది. ఒక్కో విద్యార్థి ఒక్కో దేశానికి ప్రతినిధి. రెండు రోజులు అచ్చం పెద్ద అంతర్జాతీయ సభలో లాగే మాట్లాడాలి, వాదించాలి, చివరికి అందరికీ నచ్చే తీర్మానం రాయాలి. తెలుగులోనో ఇంగ్లీషులోనో, ఎవరి నోటికి ఏది వస్తే అది. విషయం “సరిహద్దు నదులు, ప్రపంచ భద్రత”. మొత్తం మీద బాగా చేసిన ఒకరిని ఢిల్లీలో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. ఒకరినే.

ఆ ఒక్క చోటు నాకు కావాలి. ఢిల్లీ అంటే పెద్ద మోజేమీ లేదు నాకు. ఆమెకు రాకుండా నాకు వచ్చిందని మా నడవలో, అవ్వ వైపు తిరిగి, అవతలి వంటింట్లోకి బాగా వినబడేట్టు ఒక్కసారి చెప్పాలి. దానికోసం నెల ముందునుంచే నీళ్ల తగాదాల గురించి దొరికిందల్లా చదివాను. ప్రపంచంలో ఏ నదికి ఎవరు ఎగువనున్నారో, ఎవరు దిగువన ఏడుస్తున్నారో అన్నీ నోటికి వచ్చేసినాయి.

దేశాలను చీటీలు వేసి పంచారు. మేడమ్ తన టిఫిన్ డబ్బాలో మడిచిన చీటీలు వేసుకుని వరసగా తిప్పింది. నాకు ఈజిప్టు వచ్చింది. మంచి దేశమే, నైలు నది ఉంది, చెప్పుకోవడానికి చాలా ఉంది అని సంతోషపడుతుండగా నా ముందు వరసలో ఆమె చీటీ విప్పింది. ఇథియోపియా. నా నైలుకు ఎగువన కూర్చుని పెద్ద డ్యామ్ కట్టుకున్న దేశం. ఇంట్లో స్విచ్ మా వైపు ఉందని ఒకే ఒక్క సంతోషం ఉండేది నాకు. ఆ చీటీతో అది కూడా ఆమె వైపు పోయింది. ఆమె చేతి అదృష్టం మీద నాకు ఎంత మంట వచ్చిందంటే నా చీటీని ఉండచేసి నలిపేశాను. మధ్యలో ఉండే సూడాన్ శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒక పొడుగు అబ్బాయికి వచ్చింది. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నములుతూ ఉండే మనిషి.

సభ మొదలయ్యే ముందు మేడమ్ నియమాలు చెప్పింది. ఆమే అధ్యక్షురాలు. “మీరు ఒకరితో ఒకరు మాట్లాడరు. ఏం చెప్పినా నాకు చెప్తారు. ఎదుటివాళ్లు వింటారు. వాళ్లు కూడా నాకే జవాబు చెప్తారు. నువ్వు, మీరు అనే మాటలు ఈ హాల్లో వినబడకూడదు.” అందరూ నవ్వారు. ఇదెక్కడి గోల మేడమ్, పక్కనే ఉన్న మనిషితో మాట్లాడకుండా ఎట్లా అని ఎవరో అడిగారు. ఆ హాల్లో నవ్వనిది మేమిద్దరమే.

మొదటి రోజంతా ఆ నియమంతోనే అందరూ తన్నుకులాడారు. రష్యా అబ్బాయి కోపం వస్తే చాలు, “ఒరే, నువ్వు నిన్న క్యాంటీన్లో ఏమన్నావురా” అని జర్మనీ మీదికి పోయేవాడు. పలమనేరు నుంచి వచ్చిన అమెరికా పిల్ల బ్రెజిల్‌ను “అన్నా” అని పిలిచేసింది, దాంతో బ్రెజిల్ కాస్తా మెత్తబడిపోయి ఆమె అడిగినదానికల్లా సరేనన్నాడు. మేడమ్ గంట కొట్టీ కొట్టీ అలిసిపోయింది. అప్పుడు ఇథియోపియా లేచింది.

“అధ్యక్షా, ఎగువన పుట్టడం మా తప్పు కాదు. మా కొండల మీద పడిన వానతో మా ఇళ్లల్లో దీపాలు వెలిగించుకుంటామంటే దిగువ దేశానికి ఎందుకు నిద్ర పట్టదో ఎవరైనా అడిగి చెప్పగలరా?”

కళ్లు మేడమ్ మీదే. గొంతు మాత్రం సరిగ్గా నా కుర్చీ దగ్గర పడింది. మా చిన్నమ్మే నడవలో నిలబడినట్టు అనిపించింది. నేను లేచాను.

“అధ్యక్షా, తలుపు ఎవరు ఎప్పుడు మూస్తారో తెలియని ఇంట్లో ఎవరికైనా నిద్ర పట్టదు. తలుపు తమ చేతిలో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియకపోవడంలో వింతేమీ లేదు.”

అది మా అమ్మ గొంతు. నాకే వినబడింది. అక్కడినుంచి మేమిద్దరం ఆగలేదు. ఆమె ఒకటి అంటుంది, నేను ఒకటి అంటాను. ఒక్కసారి కూడా ఒకరి ముఖం ఒకరం చూడలేదు, ఒక్క “నువ్వు” జారలేదు. రష్యా కూడా నోరు మూసుకుని అటూ ఇటూ తల తిప్పుతూ విన్నాడు. చివరికి మేడమ్ గంట కొట్టడం కూడా మరిచిపోయి, “ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారమ్మా మీరిద్దరూ?” అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు ఆమె లేచి, “ఇంట్లోనే, అధ్యక్షా” అంది.

హాలంతా పగలబడి నవ్వింది. మేడమ్ కళ్లజోడు తీసి మరీ నవ్వింది. ఆ మాట నాకు కూడా వచ్చింది. నా నాలుక చివరనే ఉంది. కానీ నేను అని ఉంటే అందరూ అయ్యో పాపం అని చూసేవాళ్లు, ఆమె అంటే నవ్వారు. అదే ఇల్లు, అదే నడవ, అదే అవ్వ. ఆమె చేతిలో అది ముచ్చటైపోయింది. నేను కూర్చుని నా కాగితాల మీద పెన్నుతో గీతలు గీసుకున్నాను, కాగితం చిరిగేదాకా.

రెండో రోజు మధ్యాహ్నం తీర్మానం రాసే పని. ఈసారి అధ్యక్షురాలు ఉండదు, గంట ఉండదు. ఎవరితో తగువు ఉందో వాళ్లతో ఒక బల్ల దగ్గర కూర్చుని నేరుగా మాట్లాడుకుని ఒప్పందం రాసుకురావాలి. నిన్న ఒక్క వాక్యం సరిగ్గా పలకలేని వాళ్లందరూ ఇవాళ హాయిగా బతికిపోయారు. రష్యా, జర్మనీ భుజాల మీద చేతులేసుకుని రాసుకుంటున్నారు. మా బల్ల దగ్గర మాత్రం ముగ్గురం. నైలు మీద నేను, ఆమె, మధ్యలో సూడాన్.

“సూడాన్, డ్యామ్ నింపేది వానల కాలంలోనే అయితే మాకు అభ్యంతరం లేదు” అన్నాను నేను.

“సూడాన్, వానలు ఎప్పుడొస్తాయో ఎవరు రాసిస్తారంట?” అంది ఆమె.

సూడాన్ పులిహోర పొట్లం విప్పుతూ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. “అక్కా, మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోవచ్చు ఇప్పుడు. మేడమ్ లేదు కదా” అన్నాడు.

మేమిద్దరం ఆ మాట విననట్టే మళ్లీ సూడాన్‌తోనే చెప్పుకుంటూ పోయాం. అతను కాసేపు నా మాట వైపు ఊఁ, ఆమె మాట వైపు ఊఁ కొట్టాడు. తర్వాత విసుగొచ్చి, “నేను పెరుగన్నం తెచ్చుకుంటా, మీరేదో ఒకటి తేల్చండి” అని లేచి పోయాడు.

బల్ల దగ్గర మేమిద్దరమే మిగిలాం. మా మధ్య ఖాళీ కుర్చీ, దాని ముందు “సూడాన్” అని రాసిన అట్టముక్క. ఇన్నేళ్లలో మధ్యలో ఎవరూ లేకుండా మేం ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. ఇంక తప్పదు, ఆమె నాతో మాట్లాడాల్సిందే అనుకున్నాను. నేను మాత్రం ముందు మాట్లాడకూడదని కూడా అనుకున్నాను.

ఆమె జడను వెనక్కి వేసుకుంది. ఆ అట్టముక్కను కొద్దిగా తన వైపు తిప్పుకుంది. “సూడాన్, గేట్లు మూసేది ఆపమంటే ఎవరూ ఒప్పుకోరు. వేరే ఏదైనా అడగమను” అంది దానితో.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అట్టముక్కతోనైనా మాట్లాడుతుంది గానీ నాతో మాట్లాడదు. సరే, నేనేమైనా తక్కువ తిన్నానా. దాన్ని నా వైపు తిప్పుకున్నాను.

“సూడాన్, మూయొద్దని ఎవరూ అనలేదు. మూసే ముందు చెప్పాలి. తెరిచే ముందు చెప్పాలి. చెప్పేటప్పుడు మధ్యలో ఒకరు వినాలి. మధ్యలో ఒకరు విన్నారంటే తర్వాత ఎవరూ కాదనలేరు.”

ఆమె పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగింది. తలెత్తలేదు. అది మా మోటారు పద్ధతే అని ఆమెకు తెలిసిపోయింది. కాసేపటికి గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. సూడాన్ పెరుగన్నంతో తిరిగి వచ్చేసరికి ఒప్పందం తయారు. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చదివి, “ఇందులో నాకే పని ఎక్కువ పెట్టినారే” అన్నాడు.

డ్యామ్ కట్టిన దేశమే తీర్మానం చదవాలని నియమం. కాబట్టి ఆమె చదివింది. నేను చెప్పినవన్నీ అట్లాగే చదివింది, ఒక్క మాట మార్చలేదు. కానీ చివర్లో కాగితం మీద లేని మాట ఒకటి, తలెత్తి, తనంతట తను అంది: “అడగకముందే చెప్పాలి, అధ్యక్షా. అడిగితే చెప్పడం జవాబు మాత్రమే అవుతుంది.”

జడ్జిగా వచ్చిన పెద్దాయన రాయబార కార్యాలయాల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఆ మాటకు పెన్ను పక్కన పెట్టేశాడు. తర్వాత మాట్లాడేటప్పుడు ఒప్పందం మంచిదన్నాడు, పని జరిగే ఒప్పందమన్నాడు. మళ్లీ ఆ చివరి మాట దగ్గరికే వచ్చి ఆగాడు. “అడగకముందే చెప్పాలి. దేశాల మధ్య నమ్మకమంటే ఇంతేనమ్మా” అన్నాడు.

ఆమె పేరు ప్రకటించారు.

ఆమె నాది దొంగిలించి ఉంటే ఎంత బాగుండేది. గొంతు చించుకుని అరిచేదాన్ని, అమ్మకు చెప్పేదాన్ని, అమ్మ నడవలోకి వచ్చి అవ్వకు చెప్పేది. కానీ ఆమె ఏమీ దొంగిలించలేదు. నా ఒప్పందం మీద తన మాట ఒకటి పెట్టింది, ఆ ఒక్క మాటే అందరికీ గుర్తుండిపోయింది. నాకు కూడా. చప్పట్లు కొట్టేటప్పుడు నా అరచేతులు మండాయి, అంత గట్టిగా కొట్టాను, ఎవరికీ అనుమానం రాకూడదని.

సాయంత్రం బస్టాపులో ఆమె, సూడాన్ నిలబడి నవ్వుకుంటున్నారు. “నువ్వు ఆడే ఉండి ఉంటే ఇంగా తొందరగా తేలిపోయుండును గదప్పా. నీకు తిండి ముఖ్యం” అంటోంది ఆమె. ఎంత తేలికగా అంటోంది. నువ్వు, నీకు. రెండు రోజుల కిందటిదాకా పలకరింపు కూడా లేని మనిషి. ఢిల్లీ చేజారినందుకు మండినట్టు కాదు, ఇది ఇంకో రకంగా మండింది. ఎందుకో అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఆ సూడాన్ అబ్బాయి మీద అనవసరంగా కోపం వచ్చింది, అంతే.

ఇంట్లో చిన్నమ్మ కేసరి చేసింది. ఒక గిన్నె తెచ్చి తిన్నె మీద అవ్వ పక్కన పెట్టి, “అత్తా, పిల్లకు ఢిల్లీ వచ్చింది. అందురికీ పెట్టు” అంది. మా వంటింట్లో అమ్మ పెనాన్ని పొయ్యి మీద అవసరమైనదానికంటే గట్టిగా పెట్టింది. అవ్వ నాకు కేసరి పెడుతూ, “బాగుండాదా?” అంది. బాగుంది. అదీ మంటే.

ఆమె ఢిల్లీకి పోయే రోజున ఊళ్లో పెద్ద ముహూర్తం. నాయన, చిన్నాయన పొద్దుననగా షామియానాలు కట్టించడానికి వెళ్లిపోయారు. చిన్నమ్మకు బస్సెక్కితే వాంతులు. నాయన పోతూ పోతూ నాతో, “నువ్వు తిరపతి దాంకా పొయ్యి రైలెక్కించి రా” అన్నాడు. నేనా అన్నాను. “నువ్వు గాక ఇంగెవురుండారు మే ఈడ?” అన్నాడు. చిన్నమ్మ అవ్వతో, “అత్తా, సంచీలో ఊరిబిండి డబ్బా ఉండాది, వలకకుండా పట్టుకోమను” అంది. ఎవరిని పట్టుకోమనాలో చెప్పలేదు. ఆ పచ్చడి డబ్బా సంచీని నేనే పట్టుకున్నాను.

బస్సులో సామాను వల్ల ఒకే సీట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఆమె కిటికీ పక్కన, నేను ఈ పక్కన, మధ్యలో సంచీ. చంద్రగిరి నుంచి తిరుపతి ఎంత దూరమని. ఆ రోజు చాలా దూరమైంది. నా చేతిలో ఆమె నీళ్ల బాటిల్, ఆమె ఒళ్లో పెద్ద బ్యాగు. ఇద్దరం ఆ సంచీనే చూస్తూ కూర్చున్నాం. సంచీతోనైనా ఏమైనా అంటుందేమోనని చూశాను. అనలేదు.

స్టేషన్లో రైలు అప్పటికే వచ్చి ఉంది. ఆమె ఎక్కి తన చోటు చూసుకుంది, కిటికీ సీటే. నేను ప్లాట్‌ఫారం మీద ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇంతలో ఇంకో అమ్మాయి వచ్చింది, చిత్తూరు కాలేజీ నుంచి అదే పోటీకి పోతోందట. చేతిలో ఫైలు, మెడలో కార్డు.

“నువ్వు ఏ దేశం?” అంది ఆమె, ఆ పిల్ల బ్యాగు కింద పెట్టక ముందే.

“నార్వే. నువ్వు?”

“నేనింగా చీటీ తియ్యల్యా. మా కాలేజీకి ఆడ పొయ్యినాకే ఇస్తారంట. నీకు కిటికీ కావాల్నా? రా, ఈడ కూసో.”

లేచి జరిగి, చోటిచ్చింది. బస్సులో అన్నేళ్లుగా ఎవరికీ ఇవ్వని కిటికీ. ఆ పిల్ల హాయిగా వచ్చి కూర్చుంది. నా కళ్ల ముందు.

నాకేమైందో తెలియదు. ఇరవై ఏళ్లు ఒకే ట్యాంకు నీళ్లు తాగాం. ఒకే అవ్వ చేతి నూనె రాసుకున్నాం. నాకు ఒక్క “నువ్వు” లేదు, ఒక్క “రా” లేదు. రైలెక్కి నిమిషం కాలేదు, ఈ నార్వేకు అన్నీ ఇచ్చేసింది. ఢిల్లీ ఎవరికి కావాలి? ఎవరైనా పోనీ. నేను ఓర్వలేకపోయింది అది కాదు. ఆమె నోటిలోంచి వచ్చే ఆ చిన్న మాట ఊరందరికీ పోతోంది, నా దగ్గరికి మాత్రం రావడం లేదు. ఇంక ఆగలేకపోయాను. కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి అరిచాను.

“అది నీ సీటు! ఆమెకెందుకిచ్చినావు నువ్వు?”

నా నోటితో నేను ఆమెతో అన్న మొదటి మాట అది. అంత చిల్లర మాట. ఏదైనా మంచి మాట అనుకుని పెట్టుకోవాల్సింది, ఇన్నేళ్ల టైముంది. నార్వే బిత్తరపోయి లేవబోయింది. ఆమె ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. నన్ను చూసింది. చూపు తిప్పకుండా చూసింది, కానీ మాట మాత్రం నార్వేతోనే అంది.

“మా అక్కకు జెప్పు, నీళ్ల బాటిలు ఆమె సేతిలోనే ఉండిపొయ్యింది అని.”

నార్వేకు ఏమీ అర్థం కాలేదు. “మీ అక్క ఇక్కడే ఉంది కదా. నువ్వే అడగొచ్చు” అంది.

“మధ్యలో ఒకరు వినాల” అంది ఆమె. “తర్వాత ఎవురూ కాదనలేరు.”

నేను బాటిల్ ఊచల్లోంచి లోపలికి ఇచ్చాను. నార్వే అందుకుంది. ఏదో అందామని నోరు తెరిచాను, రైలు కదిలింది. నాలుగడుగులు దాంతోపాటు నడిచాను. నార్వే బాటిల్ మూత తీసి ముందు తనే గటగటా తాగేసింది. మళ్లీ ఒళ్లు మండింది. ఆ బాటిల్ నింపింది నేను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ తిన్నె మీదే ఉంది. రెండు వంటిళ్లలోనూ తిరగమోత చప్పుడు. చెప్పులు విప్పి నడవలోకి వచ్చి అవ్వ వైపు తిరిగి నిలబడ్డాను. ఈ నడవలో నిలబడి, రెండు వైపులా వినబడేట్టు ఒక మాట చెప్పాలని నెల రోజులు కలగన్నాను. ఆ మాట వేరు.

“అవ్వా, మా చెల్లెలు రైలెక్కింది” అన్నాను.

ఇటు గరిటె ఆగింది. అటు గరిటె ఆగింది. అవ్వ ఊఁ కొట్టలేదు. ఆమె చెవులకు ఏ లోపమూ లేదు, వీధి చివర కూరగాయల బండి కేక కూడా వినబడుతుంది. కానీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, “ఎవురు?” అంది.

“మా చెల్లెలు” అన్నాను, ఇంకొంచెం గట్టిగా.